కందకాల నుంచి రహదారులకు: మేజర్ జనరల్ విక్టర్ విలియమ్స్

శ్రోతలకు నమస్కారం.

కెనడా సైనిక చరిత్రలో విక్టర్ విలియమ్స్ పేరు 1916 జూన్ 2వ తేదీతోనే ముడిపడిపోయింది. ఆనాటి ఉదయం, బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర మౌంట్ సోరెల్ అనే మిట్ట మీద, 8వ కెనడియన్ బ్రిగేడ్ అధిపతిగా ఉన్న ఆయన, తమ డివిజన్ అధిపతి మేజర్ జనరల్ మెర్సర్‌తో కలిసి ముందు వరుస కందకాలను స్వయంగా పరిశీలించడానికి వెళ్లారు. సరిగ్గా ఆ వేళకే జర్మన్ ఫిరంగులు విరుచుకుపడ్డాయి. మెర్సర్ ప్రాణాలు కోల్పోయారు. గాయపడిన విలియమ్స్ శత్రువుకు చిక్కారు. అక్కడి కందకాలను కాపాడుతున్న 4వ మౌంటెడ్ రైఫిల్స్ దళంలో 702 మందికి గాను చెక్కు చెదరకుండా బయటపడినవారు 76 మందే. మొదటి ప్రపంచ యుద్ధంలో బందీలైన కెనడా సైనికులందరిలోనూ విలియమ్స్‌దే అత్యున్నత హోదా.

అయితే ఆయన జీవితంలో అత్యంత దీర్ఘమైన బాధ్యత ఆ తరువాతే వచ్చింది. 1922లో ఆయన కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు ప్రాంతీయ పోలీసు దళానికి కమిషనర్ అయ్యారు. ఆ దళం ఏర్పడింది 1909లోనే. పోలీసు పని ఆయనకు కొత్త కాదు. 1867లో పోర్ట్ హోప్‌లో పుట్టి, కింగ్‌స్టన్ మిలిటరీ కాలేజీలో చదివిన విలియమ్స్, యౌవనంలో వాయవ్య సరిహద్దులలోని మౌంటెడ్ పోలీసు దళంలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఆ పిమ్మట సైన్యంలోకి మారి దక్షిణాఫ్రికా యుద్ధంలో పాల్గొన్నారు.

ఒంటారియోలో ఆయనకు ఎదురైన సమస్య ఫిరంగులతో తీరేది కాదు. 1916 నుంచి ఆ ప్రాంతంలో మద్యనిషేధం అమలులో ఉంది. 1920 నుంచి పొరుగున అమెరికాలోనూ నిషేధమే. విచిత్రమేమిటంటే, ఒంటారియోలో సారా అమ్మడం నేరం గాని, అక్కడి డిస్టిలరీలలో మద్యం తయారుచేసి విదేశాలకు ఎగుమతి చేయడం నేరం కాదు. విండ్సర్ రేవులో సరుకు ఎక్కించుకున్న చిన్న పడవ క్యూబాకు వెళుతున్నట్టు కాగితాల మీద రాయించుకుని, నదికి ఆవల ఎదుటనే ఉన్న అమెరికా నగరం డెట్రాయిట్ ఒడ్డున దించి, అదే రోజు మరో విడత సరుకు కోసం తిరిగి వచ్చేది. ఒడ్డున నిలబడ్డ పోలీసు దాన్ని కళ్లారా చూసినా, కాగితాలు సక్రమంగానే ఉండేవి. యుద్ధంలో శత్రువెవరో సైనికుడికి తెలుసు. ఇక్కడ ఎదుట నిలిచేవాళ్లు ఇరుగుపొరుగువాళ్లు, చట్టం న్యాయమైనదని నమ్మనివాళ్లు. 1927లో ప్రభుత్వమే నిషేధాన్ని ఎత్తివేసి మద్యం అమ్మకాన్ని తన అదుపులోకి తీసుకుంది. ఆ 5 సంవత్సరాలూ కొత్త దళాన్ని చెదరకుండా నడపడమే, నా దృష్టిలో, విలియమ్స్ చేసిన అతి కష్టమైన పని.

అప్పటికే మోటారు కార్లు రోడ్ల మీద బాగా పెరిగాయి. మోటారుసైకిళ్లపై రహదారి గస్తీ కూడా ఆయన హయాంలోనే దళం బాధ్యతల్లో చేరింది. ఈనాటి శ్రోతలు ఒక్క విషయం గమనించాలి: దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కాపలా కాసిన ఆ పోలీసులకు రేడియో వ్యవస్థ లేదు. గస్తీకి బయలుదేరిన మనిషికి కబురందాలంటే దారిలో ఎక్కడైనా టెలిఫోను దొరకాలి. అంతవరకు అతని నిర్ణయమే నిర్ణయం. అందువల్లనే అధిపతి ముందుగా అలవరచే క్రమశిక్షణకు అంత విలువ ఉండేది. దళానికి రేడియో సదుపాయం 1947లో గాని రాలేదు. విలియమ్స్ అప్పటికే, 1939లో, 17 సంవత్సరాల కొలువు ముగించి, 72వ ఏట పదవి దిగిపోయారు. ఆయన 1949లో మరణించారు.