సమంత కదిలించింది ముక్కునా, పెదవినా?

శ్రోతలకు నమస్కారం.

మా చెల్లెలికీ నాకూ ముప్పై ఏళ్లుగా తెగని తగవు ఒకటుంది. ఆస్తి తగవు కాదు. ఒక అమెరికా సీరియల్లో సమంత అనే మంత్రగత్తె మంత్రం వేసేటప్పుడు కదిలేది ముక్కా, పై పెదవా అన్నది. సమంత అనగానే మీకు వేరే ముఖం గుర్తుకు రావచ్చు. నేను చెప్పే సమంత 1964 నాటిది. సీరియల్ పేరు ‘బివిచ్డ్’. మేం దాన్ని 1990ల్లో సోనీ చానల్లో హిందీ డబ్బింగ్‌తో చూశాం. మా ఇద్దరికీ వచ్చిన హిందీ పరీక్ష గట్టెక్కేంత మాత్రమే. అందుకేనేమో, చెవులకు అందనిదంతా కళ్లతోనే పట్టుకోవలసి వచ్చింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

కథ తెలియనివారికి రెండు మాటలు. సమంత మంత్రగత్తెల వంశంలో పుట్టిన పిల్ల. డారిన్ స్టీఫెన్స్ ప్రకటనల కంపెనీలో ఉద్యోగి, మామూలు మనిషి. పెళ్లయ్యాక అసలు సంగతి చెబుతుంది. ఇకమీదట మంత్రాలు వద్దు, అందరిలా ఇల్లు నడుపుదాం అంటాడు ఆయన. సరేనంటుంది ఆవిడ. ఆ మాట నిలబడి ఉంటే సీరియల్ ఒక్క వారంలో అయిపోయేది. నిలబడలేదు కాబట్టి 1964 సెప్టెంబరు నుంచి 1972 మార్చి వరకు ఏబీసీ చానల్లో 254 ఎపిసోడ్లు నడిచింది.

ఇక ముక్కు సంగతి. చెల్లెలు ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటుంది. మొన్న ఒక ఆదివారం వీడియో కాల్‌లో మళ్లీ మొదలుపెట్టింది. “అక్కా, నువ్వు వాదించకు. ముక్కు కొన మీద వేలు ఆనించి, పై పెదవిని ఎడమకూ కుడికీ లాగి చూడు” అంది. చూశాను. ముక్కు దానంతట అదే ఊగింది. శ్రోతలు కూడా చేసి చూడవచ్చు. బస్సులో వింటున్నవారు మాత్రం పక్కవారిని ఒకసారి చూసుకుని చేయండి. సమంతగా నటించిన ఎలిజబెత్ మాంట్‌గోమరీ చేసింది ఇదే. కదిలేది పెదవి, కనిపించేది ముక్కు. కంగారు పుట్టినప్పుడు ఆవిడకు తెలియకుండానే వచ్చే ఆ అలవాటును కనిపెట్టినవాడు దర్శకుడు విలియం ఆషర్. ఆయన ఆవిడ భర్త కూడా. భార్య ముఖంలో ఎప్పుడు ఏది కదులుతుందో భర్తకు కాక ఎవరికి తెలుస్తుంది! తగవులో నేను ఓడిపోయానన్నమాట. కానీ సీరియల్ మొదట్లో వచ్చే బొమ్మల టైటిల్స్‌లో ముక్కే కదులుతుందని చెల్లెలికి గుర్తు చేసి, ఫోను పెట్టేశాను.

ముక్కు కదలగానే వస్తువులు మాయమవుతాయి, ప్రత్యక్షమవుతాయి. మన జానపద సినిమాలు చూస్తూ పెరిగినవారికి ఈ కిటుకు కొత్త కాదు. కెమెరా ఆపాలి, వస్తువు మార్చాలి, మళ్లీ తిప్పాలి. చెప్పడం తేలిక. చిందరవందరగా ఉన్న వంటగదిలో సమంత నిలబడి చేతులు పైకెత్తిందనుకోండి. దర్శకుడు ఆపమంటాడు. ఆవిడ చేతులు ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. పక్కన డారిన్ నోరు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. సిబ్బంది పరుగున వచ్చి గిన్నెలు తీసి, బల్ల తుడిచి, పూలకుండీ పెట్టి, తప్పుకోవాలి. అంతవరకు ఈ ఇద్దరూ రాతిబొమ్మలు. తెరమీద అది రెప్పపాటు. అక్కడ నిలబడిన మనిషికి భుజాలు లాగే నొప్పి. దానంతట అదే నడిచే వాక్యూమ్ క్లీనర్, గాలిలో తేలివచ్చే కప్పు వంటివి సన్నని తీగల పని. అవి చూసుకున్న నిపుణుడు డిక్ ఆల్బెయిన్.

కెమెరా ఆపకముందు తీసిన ముక్కనూ, తరువాతి ముక్కనూ కలిపే చోటే అతుకు. అభిమానుల వేట అంతా ఆ అతుకు దగ్గరే. వీడియోను ఒక్కొక్క చిత్రంగా జరుపుతూ చూస్తారు. అతుకుకు ముందు భుజం మీద ఉన్న జుట్టు అతుకు తరువాత వెనక్కి పోయిందా, తల వేలెడంత పక్కకు వంగిందా అని. దొరికితే పండగే. నేనూ ఆ బాపతే. అయితే తప్పు దొరికినప్పుడు నాకు నవ్వు రాదు. అంతసేపు కదలకుండా నిలబడిన మనిషి అప్పుడే మొదటిసారి కనిపించినట్టుంటుంది.

అభిమానుల మధ్య అన్నిటికంటే పెద్ద తగవు డారిన్‌ది. మొదటి ఐదు సీజన్లలో డారిన్ డిక్ యార్క్. ఆరో సీజన్ మొదలయ్యేసరికి అదే పేరు, అదే ఇల్లు, అదే భార్య, వేరే మనిషి. ఆయన డిక్ సార్జెంట్. మార్పు గురించి సీరియల్లో ఒక్క ముక్క చెప్పలేదు. మంత్రాల కథే కదా, సమంత తల్లి ఎండోరా చేత ముఖం మార్పించినా సరిపోయేది! అదీ చేయలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. యార్క్ కనిపించినవి 156 ఎపిసోడ్లు, సార్జెంట్‌వి 84. కలిపితే 240. మొత్తం 254 కదా, మిగిలిన 14 ఏమయ్యాయి? వాటిలో అసలు డారిన్ లేడు. కంపెనీ పని మీద ఊరెళ్లాడనో మరొకటనో చెప్పి కథ నడిపించేశారు. నిజానికి యార్క్ మంచం మీద ఉన్నాడు. 1959లో విడుదలైన ఒక సినిమా షూటింగులో, రైలు పట్టాల మీద చేతులతో నడిపే ట్రాలీని ఎత్తబోయి ఆయన వెన్ను దెబ్బతింది. అది మానలేదు. సెట్లో రెండు షాట్ల మధ్య ఒరగడానికి ఆయన కోసం ఏటవాలు పలక ఒకటి చేయించారు. 1969లో ఒక రోజు, ఎత్తున కట్టిన పరంజా మీద షూటింగు చేస్తుండగా మూర్ఛ వచ్చింది. అక్కడి నుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆయన మళ్లీ ఆ సెట్లో అడుగు పెట్టలేదు.

ఇది తెలిశాక పాత ఎపిసోడ్లు చూస్తే, యార్క్ సోఫాలోంచి లేచే తీరు వేరుగా కనిపిస్తుంది. నవ్వించడానికి చేసిన వంకర ఏది, నిజంగా బాధతో వచ్చిన వంకర ఏది అని వెతుకుతాం. తేల్చుకోలేం. నా ఓటు ఎప్పటికీ యార్క్‌కే. ఆయన ముఖంలో భయం కూడా హాస్యమే. సార్జెంట్ చెడ్డ నటుడేమీ కాదు. పాత కథలనే కొన్నిటిని మళ్లీ తీసి ఆయనకు ఇచ్చారు, పోల్చి చూసే పని మాకు దొరికింది, అంతే.

అత్తగారు ఎండోరాగా వేసినావిడ ఆగ్నెస్ మూర్‌హెడ్. ఎండోరా అల్లుణ్ణి సరైన పేరుతో పిలవదు. డర్వుడ్ అంటుంది, డాబిన్ అంటుంది, నోటికొచ్చింది అంటుంది. మన ఇళ్లలో పాతకాలపు అత్తగార్లు కూడా అల్లుడి పేరు పలకరు, గౌరవం కొద్దీ. ఈవిడ గౌరవం లేక పలకదు. ఫలితం ఒకటే.

ఎదురింటి గ్లాడిస్ క్రావిట్జ్ విషయంలోనూ ముఖం మారింది. ఎప్పుడూ కిటికీ తెర తీసి తొంగి చూసే పాత్ర అది. ‘ఆబ్నర్!’ అని మొగుణ్ణి కేకేస్తుంది. ఆయన పేపరులోంచి తల ఎత్తేసరికి వింత మాయం. మొదట ఆ పాత్ర వేసిన ఆలిస్ పియర్స్ 1966 మార్చిలో క్యాన్సర్‌తో చనిపోయారు. ఒప్పుకున్ననాటికే ఆవిడకు తన జబ్బు సంగతి తెలుసు. అమెరికాలో టీవీ వారికిచ్చే ఎమ్మీ పురస్కారం ఆ తరువాత వచ్చింది. మతిమరుపు క్లారా పిన్నిగా వేసిన మారియన్ లార్న్‌కు కూడా 1968లో అంతే, ఆవిడ పోయాక ఎమ్మీ. క్లారా పిన్నికి తలుపు పిడులు పోగుచేసే పిచ్చి. లార్న్‌కూ నిజంగా అదే పిచ్చి. ఆవిడ దగ్గర వెయ్యికి పైగా ఉండేవట. మంత్రం తప్పిపోయి గోడకు కొట్టుకునే ముసలావిడ, చేతిలో ఇత్తడి పిడి. ఆ సన్నివేశాలు చూస్తుంటే నటిస్తున్నదెవరో, సరదా పడుతున్నదెవరో చెప్పడం కష్టం.

సమంతకు వరసకు అక్కచెల్లెలయ్యే అల్లరి పిల్ల సెరెనా సంగతి చెప్పకపోతే మా చెల్లెలు ఊరుకోదు. నల్లజుట్టు, చెంప మీద ఒక్కోసారి ఒక్కో తీరు చిన్న గుర్తు. టైటిల్స్‌లో నటి పేరు ‘పండోరా స్పాక్స్’. ఈ పేరును గబగబా పలకండి. పండోరాస్ బాక్స్! గ్రీకు కథలో తెరవకూడని పెట్టె. వేషం మాంట్‌గోమరీదే. హిందీలో చూసిన మాకు పేర్లు చదివే ఓపిక ఎక్కడిది? ఇద్దరూ ఒకరేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒక ఎపిసోడ్ మాత్రం చిల్లర వివరాల పట్టీలో వేసి దాటిపోలేను. 1970 డిసెంబరు 24న వచ్చింది. కథ ఇచ్చింది లాస్ ఏంజెలెస్‌లోని జెఫర్సన్ హైస్కూలు పదో తరగతి పిల్లలు, 26 మంది, అందరూ నల్లజాతి పిల్లలే. సమంత కూతురు తబితా, నల్లజాతి స్నేహితురాలు లీసా అక్కచెల్లెళ్లం అవుదామనుకుంటారు. తబితా మంత్రం వేస్తుంది. తెల్లపిల్ల ఒంటి మీద నల్లచుక్కలు, నల్లపిల్ల ఒంటి మీద తెల్లచుక్కలు! దీనికి ఎమ్మీల వారి ప్రత్యేక పురస్కారం దక్కింది. మాంట్‌గోమరీకి తన ఎపిసోడ్లలో ఇదే ఎక్కువ ఇష్టం. చివరలో తెల్ల నటులకు నల్లరంగు పూసిన దృశ్యం ఒకటుంది. ఈనాడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. చుక్కలు మాత్రం ఇంకా నవ్విస్తాయి. పిల్లల ఊహ కదా.

ఆ ఏడాది వేసవిలోనే కొన్ని ఎపిసోడ్లను మసాచుసెట్స్‌లోని సేలంలో తీశారు. 1692లో మంత్రగత్తెలన్న నెపంతో 19 మందిని ఉరితీసిన ఊరు అది. 2005లో అక్కడ చీపురు మీద కూర్చున్న సమంత కంచు విగ్రహం పెడితే, ఊరివారిలో కొందరు అభ్యంతరం చెప్పారు. చేతబడి చేసిందన్న అనుమానంతో ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లోనూ చదివాం కాబట్టి, వారి కోపం నాకు అర్థమవుతుంది. విగ్రహం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన వారం చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. సమంత ఇంటి నంబరు 1164, మార్నింగ్ గ్లోరీ సర్కిల్. క్రావిట్జ్ వాళ్లది 1168. “ఇందులో ఏముంది?” అన్నాను. “అక్కా, ఇక్కడ వీధికి ఒక పక్కన సరి నంబర్లుంటే రెండో పక్కన బేసి నంబర్లుంటాయి. మరి ఆవిడ ఎదురింటి కిటికీలోంచి ఎలా చూస్తుంది?” అంది. అంటూనే ఫోను పట్టుకుని లేచి, తన ఇంటి కిటికీ తెర పక్కకు జరిపి, ఎదురింటి తలుపు మీది నంబరు నాకు చూపించింది. బేసి సంఖ్యే. ఎదురింటావిడ కూడా తెర తొలగించి మా వైపే చూస్తోంది.