కడప బండల ఇంట్లో కుక్కపిల్లకు ఒంటికి, రెంటికి అలవాటు చేయడం ఎలా?

[తెరపై: నల్ల బండల వరండా, మూలలో తడి. పక్కనే రెండు నెలల కుక్కపిల్ల]

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న వాళ్లందరికీ నమస్కారం. అనంతపురమైనా, కర్నూలైనా, కడపైనా మొదటి వారం ఇంట్లో వినపడే మాట ఒకటే: "మళ్లా పోసింది!" వెంటనే ఎవరో ఒకరు దాన్ని లాక్కొచ్చి, ముక్కు ఆ తడిలో పెట్టి ఒక దెబ్బ వేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దండి. పోసి పది నిమిషాలైన తర్వాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. పోస్తుండగా కొడితే, మనుషుల ఎదురుగా పోయకూడదని మాత్రం నేర్చుకుంటుంది. ఇక మంచం కింద, బీరువా వెనక దాక్కుని పోస్తుంది. బయటికి తీసుకెళ్లినా మీరు పక్కన ఉంటే పోయదు.

అది మొండితనం కాదు. అంత చిన్న పిల్లకు ఆపుకోవడం చేతకాదు. వయసు ఎన్ని నెలలో సుమారుగా అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క ఉంది. అంటే రెండు నెలల పిల్లకు మహా అయితే రెండు గంటలు. మెలకువగా ఆడుతుంటే అంత కూడా ఆగదు. మన ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎక్కువసార్లు పోస్తుంది. అలాగని నీళ్ల గిన్నె మాత్రం తీసేయకండి.

[తెరపై: గోడ గడియారం]

కాబట్టి కుక్కపిల్ల కంటే ముందు మనం టైమ్ నేర్చుకోవాలి. నిద్ర లేవగానే, తిన్న అరగంటలోపు, ఆట ఆపగానే, రాత్రి పడుకునే ముందు బయటికి తీసుకుపోవాలి. మధ్యలో నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇంక ఆలోచించొద్దు, ఎత్తుకుని వెళ్లండి. ప్రతిసారీ అదే చోటికి. అక్కడ "ఒంటికి" అని ఒక్క మాట అని కదలకుండా నిలబడండి. పని కాగానే, అక్కడికక్కడే, మెచ్చుకుని ఒక చిన్న చికెన్ ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఆ తర్వాత కాసేపు ఆడనివ్వండి. పోయగానే లోపలికి తెచ్చేస్తుంటే, బయట ఇంకాసేపు ఉండొచ్చని ఆపుకోవడం మొదలుపెడుతుంది.

[తెరపై: మిద్దె మీద మూలన ఇసుక ట్రే]

ఆ చోటు వీధి మాత్రం కాకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడతాయి. అవి పూర్తయ్యేదాకా పెరడో, మిద్దె మీద ఇసుక ట్రేనో చాలు. ఎండ పడే మిద్దె అయితే ముందు మీ చెయ్యి వెనక వైపు బండకు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలూ కాలతాయి. అయితే ఈ వయసులోనే లోకాన్ని చూపించాలి. ఎత్తుకుని తిప్పండి, ఆటోల చప్పుడు, కొత్త మనుషులు అలవాటవుతారు.

ఇప్పుడు తుడవడం గురించి. మన ఇళ్లలో ఇది చాలా ముఖ్యం. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయే. ఇంటర్నెట్‌లో చెప్పినట్టు వెనిగర్ పోసినా, బాత్రూమ్ యాసిడ్ పోసినా పాలిష్ పోయి తెల్ల మరక పడుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, ఆ వాసన మూత్రం వాసనలాగే ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది. పాత గుడ్డతో అద్ది తీసి, మూత్రం వాసనను పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వేయండి, పెంపుడు జంతువుల దుకాణంలో దొరుకుతుంది. రాయికి నప్పుతుందో లేదో సీసా మీద చూసుకోండి. బండల సందుల్లో ఇంకిన వాసన మనకు తెలియదు, కుక్కపిల్లకు తెలుస్తుంది.

[తెరపై: చేతిలో ముక్క, కూర్చుంటున్న పిల్ల]

"కూర్చో" నేర్పడం తేలిక. చేతిలోని ముక్కను దాని ముక్కు ముందు నుంచి తల మీదుగా మెల్లగా వెనక్కి జరిపితే నడుము దానంతటదే కిందికి వస్తుంది. కూర్చోగానే పెట్టండి. ఒకసారికి ఐదు నిమిషాలు మించొద్దు. "రా" అని పిలిచి మాత్రం ఎప్పుడూ తిట్టకండి, ఆ మాటంటేనే పారిపోతుంది. అవ్వ ఒక మాట, పిల్లలు ఇంకో మాట అనకుండా ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. పెట్టేది ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్. మనం తినే ఉగ్గాని పెట్టొద్దు, అందులో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ఉంటాయి. ఎర్రగడ్డ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం.

ఇంకొక్క విషయం. బాగా అలవాటైన పిల్ల ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెట్టినా, చుక్కలు చుక్కలుగా పోసినా, రక్తం కనపడినా అది శిక్షణ లోపం కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.