డాక్టర్ హస్తవాసి సరే, మూడో రాత్రి డ్యూటీలో ఎవరున్నారు?

నమస్తే అండీ. పోయిన వీడియోలో రోబో సర్జరీ హోర్డింగుల గురించి మాట్లాడాను కదా, దాని కింద కామెంట్లన్నీ కూర్చుని చదివాను. సగం మందిది ఒకటే మాట. "రోబో ఏంటి బ్రో, డాక్టర్ హస్తవాసి బాగుండాలి అంతే." మిగతా సగం మంది, మా ఊళ్లో ఫలానా డాక్టర్ గారి హస్తవాసి అమోఘం, అక్కడికి వెళ్లండి అని అడ్రసులు ఇచ్చారు.

హస్తవాసి! ఈ ఒక్క మాట మన కొంప ముంచుతోందండీ. తిట్టుకుంటే తిట్టుకోండి, ముందే చెప్పేస్తున్నాను. ఆపరేషన్ టేబుల్ మీద మనిషి ప్రాణం పోవడం ఈ రోజుల్లో అరుదు. పోయేది వార్డులో. రెండో రాత్రో, మూడో రాత్రో, ఆ హస్తవాసి గల డాక్టర్ గారు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు.

ఊరికే అనట్లేదు. ప్రపంచం మొత్తం మీద ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు ఏటా 42 లక్షల మంది చనిపోతున్నారని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క కట్టారు. ఎయిడ్స్, టీబీ, మలేరియా మూడూ కలిపినా అంత లేదు. ఆఫ్రికాలో 25 దేశాల ఆస్పత్రుల్లో పదకొండు వేల మందికి పైగా పేషెంట్లను గమనించి 2018లో ఇంకో స్టడీ వేశారు. అక్కడ పదింట తొమ్మిదికి పైగా చావులు ఆపరేషన్ రోజు దాటాకే. థియేటర్లోంచి క్షేమంగానే బయటికి వచ్చారు, చుట్టాలు దణ్ణాలు కూడా పెట్టేసి ఉంటారు.

ఇప్పుడు అసలు బాంబు. 2009లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు గఫేరీ, బర్క్‌మేయర్, డిమిక్ కలిసి 84,730 మంది సర్జరీ పేషెంట్ల రికార్డులు తిరగేశారు. చావులు బాగా తక్కువున్న ఆస్పత్రులు ఒక పక్క, బాగా ఎక్కువున్నవి ఒక పక్క పెట్టారు. ఇటు 3.5 శాతం పోతున్నారు, అటు 6.9 శాతం. దాదాపు రెట్టింపు. మరి చావులు రెట్టింపు ఉన్నచోట కాంప్లికేషన్లు కూడా రెట్టింపు ఉండాలి కదా? చీము పట్టడం, నిమోనియా, రక్తం పోవడం, అన్నీ? లేవండీ! ఇటు 24.6 శాతం, అటు 26.9. అంతే తేడా. కోత దగ్గర, కుట్టు దగ్గర అందరూ ఇంచుమించు ఒకటే. పెద్ద కాంప్లికేషన్ వచ్చిన వాళ్లలో మాత్రం ఒక చోట నూటికి పన్నెండు మంది పోతే ఇంకో చోట ఇరవై ఒక్క మంది పోయారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫెయిల్యూర్ టు రెస్క్యూ. మన భాషలో చెప్పాలంటే, మునుగుతున్నవాణ్ని గట్టు మీద ఎవరూ చూడలేదు.

మా మామయ్య సంగతి ఈ ఛానల్లో ఎప్పుడూ చెప్పలేదు. పేగు ఆపరేషన్. ఆస్పత్రి పేరు చెప్పను, అడగొద్దు. సర్జన్ గారికి మంచి పేరు, రెండు గంటల్లో పని ముగించి నవ్వుతూ బయటికి వచ్చారు. మూడో రాత్రి అటెండెంట్‌గా నేనున్నాను. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కింద మా అత్తయ్య చాప. మూడు దాటాక లేపాడు. "ఒరేయ్ అల్లుడూ, ఊపిరి అందట్లేదురా." కడుపు తబలాలా బిగిసిపోయి ఉంది. పరిగెత్తుకెళ్లి సిస్టర్‌ని పిలిస్తే, "గ్యాస్ అండీ, కాస్త నడిపించండి, పొద్దున సార్ రౌండ్స్‌కి వస్తారు" అంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆ ఫ్లోర్ మొత్తానికి ఆ రాత్రి ఇద్దరే ఇద్దరు.

అప్పుడు మంచం కాళ్ల వైపు తగిలించిన చార్ట్ చూశాను. టైమ్ 3:20. చార్ట్‌లో ఆరు గంటల గడి అప్పటికే నిండి ఉంది! ఒకటే పెన్ను, ఒకటే రాత. నిమిషానికి శ్వాస ఎన్నిసార్లు అనే గడిలో పైనుంచి కిందికి 18, 18, 18, 18. పక్క మంచం ఆయనదీ 18. ఫోన్లో టైమర్ పెట్టి మామయ్య పొట్ట మీద చూపు పెట్టి నేనే లెక్కపెట్టాను. 32.

ఆ 32 అంటే ఏంటో తెలుసా? పేగు అతుకు లీకైతే ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకుతుంది. బీపీ పడిపోవడం ఆఖరి సీన్. దానికి గంటల ముందే శ్వాస పెరుగుతుంది, నాడి పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో 2012లో వచ్చిన ఒక పద్ధతి ప్రకారం పేషెంట్‌కి శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ చూసి మార్కులేస్తారు. శ్వాస 25కి చేరితే ఆ ఒక్కదానికే మూడు మార్కులు, మొత్తం ఏడుకి చేరితే ఎమర్జెన్సీ టీమ్ పరిగెత్తుకు రావాలి. లెక్కపెట్టడానికి మిషను కూడా అక్కర్లేదు, ఒక మనిషి ఒక్క నిమిషం నిలబడాలి. ఆ మనిషే లేడు మన దగ్గర! 2002లో అమెరికాలోనే లిండా ఎయికెన్ బృందం పెన్సిల్వేనియా ఆస్పత్రుల్లో సర్జరీ పేషెంట్ల లెక్క తీసింది. ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంట్ పెరిగే కొద్దీ చావుకి అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా ఉంది.

మధ్యలో ఒక మాట. ఆ వార్డులో ప్రతి మంచం దగ్గరా ఒకటే చర్చ, "పప్పు పెట్టకండి, చీము పడుతుంది." అమ్మమ్మల దగ్గర్నుంచి వాట్సాప్ దాకా ఇదే. పుండు మానడానికి కావాల్సిందే ప్రోటీన్ అని డాక్టర్లు మొత్తుకుంటుంటే మనం బ్రెడ్డు, కొబ్బరినీళ్లు పట్టుకెళ్తాం. చీముకి భయపడి పప్పు మానేస్తాం, మంచం దగ్గరికి వచ్చి చేతులు కడుక్కోకుండా పేషెంట్ కట్టు సర్దుతాం. సరే, వదిలేయండి.

హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో జరిగింది మర్చిపోయారా? 2022 ఆగస్టు 25. ఒక్క రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. రోజుల వ్యవధిలో నలుగురు పోయారు. అందరూ ఆపరేషన్ బల్ల మీద నుంచి ప్రాణాలతో దిగినవాళ్లే. ఇన్ఫెక్షన్ బయటపడింది తర్వాత. అప్పుడు కూడా టీవీ డిబేట్లలో ఒకటే ప్రశ్న, ఆ డాక్టర్ గంటకు ఎన్ని చేశాడు అని. ఇళ్లకు చేరాక వాళ్లను ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు అని ఎంతమంది అడిగారు?

సర్జన్ చేతిలో తేడాలే లేవా అంటారు. ఉన్నాయి, అదీ ఒప్పుకుంటాను. అదే బర్క్‌మేయర్ 2013లో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టర్ల వీడియోలు తోటి సర్జన్లకు చూపించి మార్కులు వేయించాడు. తక్కువ మార్కులొచ్చిన వాళ్ల పేషెంట్లకు కాంప్లికేషన్లు ఎక్కువే. మరి ఆ వీడియో మీకెవరు చూపిస్తారండీ? చార్ట్ మాత్రం మీ కళ్ల ముందే వేలాడుతుంది.

ఇంగ్లండ్‌లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల పాప 2021లో ఆస్పత్రిలోనే సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి, పోయింది. తల్లి ముందే ఆందోళన పడింది, డాక్టర్లు పట్టించుకోలేదు. ఆ తల్లి పోరాడితే 2024లో మార్తా రూల్ మొదలైంది. పేషెంట్ తేడాగా ఉన్నాడని ఇంట్లోవాళ్లకు అనిపిస్తే వేరే టీమ్‌ని నేరుగా పిలిపించుకోవచ్చు. మన దగ్గర అదే పని చేస్తే "అటెండెంట్ గొడవ చేస్తున్నాడు" అని సెక్యూరిటీని పిలుస్తారు. నన్నూ పిలిచారు. ఆ గొడవ వల్లే తెల్లారకముందే స్కాన్ అయింది, లీక్ దొరికింది, మళ్లీ పొట్ట తెరిచారు. మామయ్య బతికాడు. ఇవాళ్టికీ మా అత్తయ్య ఏమంటుందో తెలుసా? "ఆ డాక్టర్ గారి హస్తవాసి గొప్పదిరా, రెండుసార్లు కోసినా మనిషిని నిలబెట్టాడు!"

ఈ వీడియో కోసం ఒక పెద్ద ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఏసీ రూమ్ ఉంది, వైఫై ఉంది, అటెండెంట్‌కి సోఫా ఉందట. "అమ్మా, రాత్రి ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు?" అన్నాను. రెండు సెకన్లు సైలెన్స్. "సార్, నర్సింగ్ చార్జీలు ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి సార్."

మీవాళ్లు ఎవరైనా ఇప్పుడు ఆస్పత్రిలో ఉంటే ఇవాళ రాత్రి ఆ చార్ట్ తిరగేయండి. శ్వాస గడిలో ఏం రాశారో చూడండి. తర్వాత మీరే ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు అంకెలూ కామెంట్లో పెట్టండి, ఆస్పత్రి పేరు వద్దు. ఎన్ని 18లు వస్తాయో నేనూ చూస్తాను.