దాహం వెనకున్న ఉప్పు

శ్రోతలకు నమస్కారం. డయాలసిస్ చేయించుకునేవారి ఇళ్ళల్లో తరచూ వినపడే మాట ఇది: "నీళ్ళు తగ్గించే తాగుతున్నాం, అయినా కాళ్ళు పొంగుతున్నాయి, బీపీ దిగట్లేదు." ఆ ఇంట్లో ముందు చూడాల్సింది నీళ్ళ బిందె కాదు, ఉప్పు డబ్బా.

ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లోనూ ఇంచుమించు అదే లెక్క. మూత్రం రానివారు 9 గ్రాముల ఉప్పు తిన్నారంటే, దాదాపు లీటరు నీళ్ళు పడేదాకా దాహం వదలదు. ఆ నీరే బీపీ పెంచుతుంది, పాదాల్లో వాపవుతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరితే వెల్లకిలా పడుకోనివ్వదు. అలాంటి ఆయాసం వస్తే తర్వాతి డయాలసిస్ రోజుదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల్లో ఉండేదీ అందులోకే వస్తుంది. సోడియం తగ్గించిన ఉప్పు జోలికి మాత్రం పోవద్దు. అందులో చాలావాటిలో పొటాషియం కలుపుతారు, దానివల్ల గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

నీళ్ళకు సాధారణంగా చెప్పే కొలత: రోజుకు ఎంత మూత్రం వస్తే అంత, దానిపైన అర లీటరు. చారు, మజ్జిగ, టీ, ఐసుముక్క అన్నీ ఇందులోవే. పొద్దున్నే ఆ కొలత నీళ్ళు ఒక సీసాలో పోసుకోండి. టీ తాగితే అంత నీరు సీసాలోంచి ఒంపేయండి. ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది.

55 కిలోలు ఉండాల్సిన మనిషి డయాలసిస్‌కు 58తో వచ్చారనుకోండి. నాలుగు గంటల్లో 3 లీటర్లు, అంటే గంటకు 750 మిల్లీలీటర్లు తీయాలి. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకపోవడం మేలు, ఆ లెక్కన వీరికి 715. అంతకంటే వేగంగా లాగితే బీపీ పడిపోతుంది, ఆవలింతలు, చెమటలు, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. అప్పుడు మెషిన్ త్వరగా ఆపమని బతిమాలకండి, నీరు లోపలే మిగిలిపోతుంది. ఇంకో అరగంట కూర్చోగలరేమో డాక్టరుని అడగండి. డయాలసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నదీ ఆయన్నే అడగాలి.

డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు, ఒకసారి రాసేస్తే శాశ్వతం కాదు. నెలరోజులు ఆకలి లేక సరిగా తినకపోతే కండ కరుగుతుంది. తూకం మాత్రం అదే 55 చూపిస్తుంది. కరిగిన కండ బరువును నీరు పూరించిందన్నమాట. జాకెట్టు చేతులు వదులై, మెట్టెలు బిగుసుకుంటున్నాయంటే అనుమానించాల్సిందే. డాక్టరుకు చెప్పి బరువు మళ్ళీ లెక్కకట్టించుకోండి. కొత్త బరువుకు దించాక కూడా బీపీ దారికి రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అందాకా మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.