ఎత్తు ఇళ్లకి, చదును పొలానికి

పెద్దలకు, ఒడిశాలోని మన రాయగడ తెలుగువాళ్లందరికీ నమస్కారం.

మన ఊరి నుంచి లోపలి కొండల్లోకి వెళ్లినప్పుడు లోయ అడుగు చూడండి. చదునుగా, మెత్తగా ఉన్న నేలంతా వరి మడులే. ఊరు మాత్రం పక్కన కాస్త ఎత్తులో, రాళ్ల నేల మీద ఉంటుంది. తెలియక అలా కట్టుకోలేదు. కొండల్లో చదును నేల దొరకడమే కష్టం, దాంట్లో ఇళ్లు కట్టేస్తే తినడానికి ఏం మిగులుతుంది? పైగా వానాకాలంలో గెడ్డ, అంటే కొండవాగు, ఒక్కసారిగా పొంగుతుంది. పల్లంలో దోమలు, మన్యం జ్వరం సరేసరి.

అయితే అన్నిటికన్నా ముందు నీళ్లు. నియమగిరి, పంచపట్మాలి లాంటి కొండల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. అక్కడ గడ్డి తప్ప పెద్దగా ఏమీ మొలవదు, ఎవరూ కాపురం ఉండరు. కానీ ఆ పైపొర, అంటే బాక్సైట్ ఉన్న ఎర్ర రాతి పొర, వాన నీటిని తాగి దాచుకుంటుంది. ఆ నీరే కింద వాలులో ఊటగా బయటికొచ్చి, ఎండాకాలంలోనూ గెడ్డల్ని బతికిస్తుంది. నియమగిరి ఆదివాసులైన డొంగ్రియా కోందుల ఊళ్లు ఆ వాలుల్లో ఉండటానికి ఇదీ ఒక కారణం. 2013లో అక్కడి 12 గ్రామసభలు నియమగిరిలో బాక్సైట్ తవ్వకాలు వద్దని తేల్చి చెప్పాయి. వాళ్లు తమ కొండ దేవుడు నియమరాజు పేరు చెబితే మూఢభక్తి అన్నవాళ్లున్నారు. నాకు అందులో నీటి లెక్క కూడా కనిపిస్తుంది.

గుణుపురం వైపు సవర ఆదివాసులు ఇంకో అడుగు ముందుకేశారు. చదును లేనిచోట రాతి గోడలు పేర్చి, అంచెలంచెలుగా మడులు చేశారు. పై మడి నిండాక నీరు కింది మడిలోకి దిగుతుంది. అంత పనితనానికి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇంకా ఇవ్వలేదు.

మన పట్టణాల సంగతి తేలిక. లోయ విప్పారిన చోట సంత, సంత ఉన్నచోట మనం. రాయగడకు నాగావళి, గుణుపురానికి వంశధార. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం కూడా ఇటు నాగావళి లోయ పట్టుకునే వచ్చింది.

మల్కన్‌గిరి జిల్లాలో మాత్రం నేల రూపాన్ని మనుషులే మార్చారు. బలిమెల జలాశయం నిండాక 151 ఊళ్లు మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఆంధ్రా కొండల మధ్య చిక్కుకున్నాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా దశాబ్దాల పాటు వాళ్లకు లాంచీలే దిక్కు.

కాలనీలకు స్థలం చూసే ఇంజనీర్లు ఈ సభలో ఉంటే ఒక కోరిక. రోడ్డు పక్క చదును చూసి తొందరపడకండి. ఏప్రిల్ నెలాఖరులో ఆ ఊరికి వెళ్లండి. ఏ ఊట ఇంకా పారుతోందో నీళ్లు మోసే ఆడవాళ్లనే అడగండి. ఆ తర్వాతే ముగ్గు పోయండి.