తామరను మొండిగ చేసింది ఈ ట్యూబే!

ఇగో, ఈ ట్యూబు చూడుండ్రి. కొసదాక పిండి, మడత మీద మడత వెట్టిండ్రు. గోదారి అవతల, మహారాష్ట్రల అంకిస ఊర్ల ఉండే మా మేనత్తది. రెండేండ్లసంది ఇవే ట్యూబులు. నడుము కాడ రూపాయి బిళ్లంత ఉన్న తామర, అంటే చర్మానికి పట్టే ఫంగస్, వీపంత పాకింది.

పోయిన వీడియోకు "మెడికల్ షాపోల్ల పొట్ట కొడుతున్నవ్" అని తిట్టిండ్రు. తిట్టుండ్రి. మళ్ల గదే అంటున్న: తామర మొండిది కాదు, ట్యూబు దాన్ని మొండిగ చేసింది!

ఇండ్ల ఫంగస్ మందుంటది, బ్యాక్టీరియా మందుంటది, వాటి నడుమ క్లోబెటసాల్. చర్మానికి రాసే స్టెరాయిడ్లల్ల అన్నిట్ల బలమైన రకం. రెండు రోజులల్ల దురద బంద్, ఎరుపు బంద్. "అబ్బ, మంచి మందు" అంటం. కని ఫంగస్‌ను ఆపే ఒంటి బలాన్నే పండవెట్టినం గదా! రాసుడు ఆపంగనే మళ్ల దురద, మళ్ల ట్యూబు.

అత్త వీపు మీద నేను కండ్లార చూసిన. చెరువుల రాయి ఏస్తె అలలు లేసినట్టు, చుట్టుల ఇంకో చుట్టు. స్టెరాయిడ్ రాసినోళ్లకు ఎక్కువ గట్లనే అయితది. అది చూడంగనే "ఏం ట్యూబు రాసినవమ్మా?" అనడిగిండు డాక్టర్.

2020ల జపాన్ శాస్త్రవేత్తలు ఒక ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు వెట్టిండ్రు. పేర్లనే మన దేశం ఉన్నది! తామరకు ముందుగాల ఇచ్చే టెర్బినాఫిన్‌కు అది చాలమందిల లొంగుతలేదు. 2023ల న్యూయార్కుల గూడ దొరికింది. దీని ఎనుక ఈ ట్యూబులే ఉన్నయని నేను గట్టిగ నమ్ముతున్న.

2018ల సర్కారు 14 రకాల స్టెరాయిడ్ క్రీములకు డాక్టర్ చిట్టీ ఉండాలన్నది. మా అత్తను ఒక్కపారన్న చిట్టీ అడిగిండ్రా? ఎండల మిరపతోటల వంగి ఏరేటోళ్లకు చెమటకే తామర లేస్తది. వాళ్ల చేతుల గీ ట్యూబు వెడతరా!

ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, ఈ స్టెరాయిడ్లల్ల ఏది కనవడ్డా చర్మం డాక్టర్‌కు చూపెట్టుండ్రి. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తరు. ఇంట్ల ఇంకెవలికి ఉన్నా అందరికి ఒక్కపారే మందు నడవాలె, లేకుంటే ఒకల నుంచి ఒకలకు తిరుగుతనే ఉంటది. ముఖానికి చాన్నాళ్లు రాసినోళ్లు డాక్టర్‌ను అడగకుంట ఒక్కసారి ఆపకుండ్రి, మంట లేస్తది.

అత్తను గోదారి బ్రిడ్జి దాటిచ్చి వరంగల్ తీస్కపోయినం. ఆరు వారాలాయె, దురద లేక రాత్రి నిద్ర పోతున్నది. "అల్లుడా, ఇది నీ వీడియోల చూపెట్టు" అని తనే ఇచ్చింది ఈ ట్యూబు.