పాత ఇంటికి తక్కువ ఖర్చుతో కొత్త రూపు: ఏడాది తర్వాత ఏది నిలిచింది, ఏది ఊడింది

నమస్కారం. ఇప్పుడు మీరు తెర మీద చూస్తున్నవి ఒకే గదిలోని రెండు గోడలు. రెండింటికీ ఒకే డబ్బాలోని రంగును, ఒకే వారంలో, ఒకే పెయింటర్ వేశారు. కుడివైపు గోడ ఏడాది గడిచినా వేసిన నాటిలాగే ఉంది. ఎడమవైపు గోడకు మాత్రం మోకాలి ఎత్తు దాకా రంగు బుడగలు కట్టింది. గోటితో మీటితే, చూడండి, ఇలా పెచ్చులుగా ఊడి చేతిలోకి వస్తోంది.

మా పెద్దల కాలం నుంచి ఉంటున్న ఇంటిని పరిమితమైన డబ్బుతో బాగు చేయించి ఏడాది అయింది. పని ముగిసిన రోజున తీసే వీడియోలలో ప్రతి ఇల్లూ అందంగానే కనిపిస్తుంది కాబట్టి, ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ దాటిన తర్వాతే రివ్యూ చేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఈ ఏడాదిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, పాత ఇంటి విషయంలో చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు రంగు కొనడాన్ని ఆఖరి పనిగా పెట్టుకోవాలి. నేను దానిని మొదటి పనిగా పెట్టుకున్నాను.

ముందుగా ఆ ఎడమ గోడ సంగతి చెబుతాను. దానికి అవతల పెరడు ఉంది. మొక్కల కోసం ఏటేటా మట్టి పోస్తూ రావడం వల్ల అక్కడి నేల క్రమంగా పెరిగి, ఇంటి లోపలి గచ్చు కన్నా జానెడు ఎత్తుకు చేరింది. వాన కురిసినప్పుడల్లా ఆ మట్టిలో నిలిచిన తడి గోడలోకి ఇంకి, ఇటుకలలోనూ పూతలోనూ ఉన్న లవణాలను కరిగించుకుని లోపలివైపుకు వస్తుంది. నీరు గాలికి ఆరిపోతుంది గాని, లవణం తెల్లని నూగులాగా గోడ మీద మిగిలిపోతుంది. రంగు వేయడానికి ముందే ఆ తెల్లని పొడి మాకు కనిపించింది. పాత సున్నం రాలుతోందనుకుని, తడి గుడ్డతో తుడిచి, పైన పుట్టీ పెట్టించాము. తడి గుడ్డతో తుడవడమంటే ఆ ఉప్పును మళ్లీ కరిగించి గోడలోకే పంపడమని నాకు అప్పటికి తెలియదు. దానిని పొడి బ్రష్షుతో రుద్ది, రాలిన పొడిని ఎత్తి పారవేయాలి. అది ఉప్పో, సున్నమో, బూజో సందేహమైతే చిటికెడు పొడిని నీళ్లలో వేసి కలపండి: ఉప్పు కరుగుతుంది, మిగిలిన రెండూ కరగవు.

చెమ్మ గోడ లోపలి నుంచి వస్తోందో, గదిలోని గాలి తేమే చల్లని గోడకు పట్టుకుంటోందో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మూర పొడవు, మూర వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, రెండు రోజులు వదిలేయండి. నీటి బిందువులు కాగితానికి లోపలివైపు, అంటే గోడవైపు చేరితే తడి గోడలోనే ఉన్నట్లు. గదివైపు చేరితే ఆ గదికి గాలి ఆడడం లేదన్నమాట; అప్పుడు కిటికీలు తెరవడం, గోడకు ఆనించిన బీరువాను బెత్తెడు ముందుకు జరపడం వంటి పనులతోనే చాలావరకు సరిపోతుంది.

మా గోడకు చివరకు చేసిన వైద్యం ఏమిటంటే, పెరటి మట్టిని గచ్చు మట్టానికి 15 సెంటీమీటర్లు దిగువకు తవ్వి తీయించడం, నీరు గోడవైపు కాక బయటికి పారేలా వాలు చేయించడం, పైకప్పు నుంచి దిగే గొట్టం అడుగున పగిలిన వంపు మార్పించడం. ఈ మూడింటికీ కలిపి అయిన ఖర్చు ఆ గోడకు పెట్టిన పుట్టీ, రంగు, కూలి ఖర్చు కన్నా తక్కువ. అయితే తడి రావడం ఆగినంత మాత్రాన గోడ ఆరిపోదు. అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని నిర్మాణ పనులలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన తొమ్మిది అంగుళాల గోడకు దాదాపు తొమ్మిది నెలలు కావాలి. అందుకే ఈ గోడను ఇలా బుడగలతోనే ఉంచి, ఊడిన మేర గీకేసి, ఆరనిస్తున్నాము. వచ్చిన బంధువులందరూ మొదట చూసేది దీనినే అనుకోండి.

వెనక గదిలో ఇంకొక పాఠం ఉంది. ఈ ఇల్లు సున్నంతో కట్టినది. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, అయినా దానిలో సన్నని రంధ్రాలు ఉండిపోతాయి కాబట్టి గోడలో చేరిన తేమ వాటి గుండా బయటికి ఆరిపోతుంది. ఎన్నడో ఎవరో ఈ గదికి నడుము ఎత్తు దాకా సిమెంటు పూత వేయించారు. చెమ్మ దాని వెనక చిక్కుకుని, ఆ పూత అంచు దాటి పైకి ఎక్కింది. నడుము పైన గీత గీసినట్లు కనిపిస్తున్న ఈ మరక అదే. ఇక్కడ సిమెంటు పూతను కొట్టించి, సున్నపు పూతే మళ్లీ వేయించి, పైన వెల్ల వేయించాము. నీటితో కలిపే ఎమల్షన్ రంగుకు ఉండే నునుపు దీనికి లేదు, ఆనుకుంటే బట్టలకు కొంచెం అంటుతుంది కూడా, కాని ఏడాదిలో ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. నా అంచనాలో ఈ ఇంటి మొత్తం మీద అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు ఇదే.

ఇక రంగు విషయానికి వస్తాను. ఎంత రంగు కావాలన్నది ముందుగా లెక్క వేసుకోకపోవడం వల్ల చాలామంది అదనంగా కొంటారు, లేదా సగం గోడ దగ్గర ఆగిపోతారు. నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 15 మీటర్లు, ఎత్తుతో గుణిస్తే 45 చదరపు మీటర్లు. తలుపు, కిటికీలకు 5 తీసివేస్తే 40, రెండు కోటింగులకు 80. నునుపైన గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక కోటింగుకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి 8 లీటర్లు కావాలి. రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత లేకపోతే పాత గోడ రంగును తాగేస్తుంది. ఆ లెక్క అప్పుడు పనికిరాదు. ఒకే రంగు డబ్బాలు రెండు, మూడు ఉంటే అన్నింటినీ పెద్ద బకెట్టులో పోసి కలిపిన తర్వాతే మొదలుపెట్టండి, లేకపోతే డబ్బా మారిన చోట గోడ మీద ఛాయ మారుతుంది.

మెరుపు రంగుల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పాత గోడలు ఎక్కడా సమంగా ఉండవు. మెరుపు ఉన్న రంగు వేస్తే కిటికీ వెలుగు పక్క నుంచి పడినప్పుడు ప్రతి ఎత్తూ ప్రతి పల్లమూ బయటపడతాయి. మెరుపు లేని రంగు వాటిని దాచిపెడుతుంది. వంటగదికీ, చేతులు తరచుగా తగిలే నడవకూ మాత్రం తుడవడానికి వీలుగా కొద్దిపాటి మెరుపు ఉన్నది వాడవచ్చు.

ఈ హాలు మూలలో అరచేయంత మరక కనిపిస్తోంది కదా? మా తాతగారి కుర్చీ ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండేది. ఆయన తల ఆనించిన చోటు ఇది. రెండు కోటింగులు వేసిన మూడో వారానికి ఆ జిడ్డు కొత్త రంగులో నుంచి మళ్లీ పైకి తేలింది. మూడో కోటింగు వేశాము, మళ్లీ తేలింది. నీటితో కలిపే రంగుల కింద జిడ్డు మరక ఆగదు. దానిని సబ్బు నీటితో కడిగి, ఆరిన తర్వాత ఆ మేరకు లక్కతో గాని, ఆయిల్‌తో గాని తయారైన మరకలు ఆపే ప్రైమర్ పూసి, ఆ పైన రంగు వేయాలి. కొంచెం ప్రైమర్‌తో తీరే పనికి మేము ఒక గోడ రంగు రెండుసార్లు వృథా చేశాము. ఆఖరికి ప్రైమర్ తెచ్చే సమయానికి, ఆ మరక అలాగే ఉండనిమ్మని అమ్మ చెప్పింది. అందువల్ల అది ఇప్పటికీ ఉంది.

తలుపుల దగ్గర నేను చేసిన పొరపాటు ఖర్చు కన్నా ప్రమాదం విషయంలో పెద్దది. మా ముందు గది తలుపు అంచును ఇలా దగ్గరగా చూపిస్తాను: పైన తెలుపు, దాని కింద నీలం, తర్వాత ముదురు ఆకుపచ్చ, అడుగున ఇటుక రంగు. నాలుగు కాలాల ఆయిల్ రంగు పొరలు. పాత ఆయిల్ రంగులలో సీసం కలిపేవారు. పిల్లల శరీరంలోకి చేరే సీసానికి ప్రమాదం లేని పరిమితి అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది తెలియక, పొడి గరుకు కాగితంతో ఒక పూటంతా రుద్ది, ఆ దుమ్మును ఇల్లంతా చేశాను. మీ ఇంట్లో ఇలాంటి పొరలు ఉంటే ముందుగా సీసం పరీక్ష చేయించండి. అప్పటిదాకా పొడిగా రుద్దకండి, మంట పెట్టి రంగు కరిగించకండి. పొర గట్టిగా పట్టుకుని ఉంటే దానిని కదిలించకుండా పైన వేయడమే మేలు. తప్పనిసరిగా రుద్దవలసి వస్తే తడిపి రుద్దాలి, సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి, పిల్లలనూ గర్భిణులనూ ఆ చుట్టుపక్కలకు రానీయకూడదు. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులను కూడా రుద్దడం గాని, రంధ్రాలు చేయడం గాని చేయకూడదు.

పాత ఆయిల్ రంగు నునుపు మీద నేరుగా నీటి రంగు వేస్తే కొన్ని నెలలలోనే తోలులాగా ఊడుతుంది. మా వంటగది తలుపు అలాగే ఊడింది. మెరుపు పోయేంత వరకు తడిపి సన్నగా రుద్ది, జిడ్డు కడిగి, పట్టు ఇచ్చే ప్రైమర్ వేసిన తర్వాత వేసిన రెండో తలుపు మీద గోటి గీత కూడా పడలేదు. చెక్కకు అవిసె నూనె పూసేవారికి ఒక మాట: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

అంటించే వాల్‌పేపర్ పూర్తిగా దండగ ఖర్చు. అయితే తప్పు వాల్‌పేపర్‌ది కాదని న్యాయంగా ఒప్పుకోవాలి. సుద్దలాగా రాలే పాత డిస్టెంపర్ మీద అంటించాము, అది ఆ పొరను పట్టుకునే కిందికి జారింది. ఒక టేపు ముక్కను గోడకు గట్టిగా నొక్కి లాగి చూసి ఉంటే, దాని వెనక పొడి కనిపించి మాకు ముందే తెలిసేది.

దీపాలది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన కథ. మొదట ఇల్లంతా 6500 కెల్విన్ల తెల్లని బల్బులు పెట్టాము. ఎంతో ఆలోచించి ఎంచుకున్న లేత గోధుమ రంగు రాత్రిపూట బూడిదలాగా కనిపించింది. రంగు తప్పు ఎంచుకున్నామని మళ్లీ పెయింటర్‌ను పిలిచేంత దాకా వచ్చి, చివరి క్షణంలో పసుపు ఛాయ వెలుగునిచ్చే 2700 కెల్విన్ల బల్బు ఒకటి పెట్టి చూశాము. గోడ రంగు తిరిగి వచ్చింది. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా ఉంటుంది. అది 100కు 90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గుడ్డల రంగులు, చెక్క రంగులు సహజంగా కనిపిస్తాయి. కాబట్టి ముందు బల్బులు మార్చండి, ఆ తర్వాత అట్టముక్కకు రెండు కోటింగులు వేసి, దానిని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గోడకు ఆనించి చూసి రంగు ఖరారు చేసుకోండి. వైరింగ్ పాతదైతే అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో అంతకన్నా ముందే చూపించాలి, ఎందుకంటే రంగు వేసిన గోడను మళ్లీ ఉలితో కొట్టించడం కన్నా బాధ ఇంకొకటి ఉండదు.

ఆఖరిది ఈ పాత అలమర. కొత్తది కొనే డబ్బు లేక ఉంచుకున్నాము. దీని పిడుల మీద కూడా తలుపులకు వేసిన రంగులే పొరలుగా ఉన్నాయి. ఒక చిన్న అయస్కాంతాన్ని వాటి దగ్గర పెట్టి చూశాను: ఇనుముకు పైన పూత వేసినదైతే అతుక్కుంటుంది, ఇత్తడి అయితే అతుక్కోదు. మొత్తం ఆరు పిడులలో నాలుగు ఇత్తడివి. వాటిని విప్పి, వంటకు వాడని పాత గిన్నెలో, కిటికీలు తెరిచిపెట్టి, వంటసోడా వేసిన నీళ్లలో సన్నని మంట మీద కాసేపు మరగనిస్తే పొరలన్నీ ముద్దగా జారిపోయాయి. ఆ ముద్దను చేతితో ముట్టుకోకుండా విడిగా పారవేశాము. మిగిలిన రెండు పిడులు అయస్కాంతానికి అతుక్కున్నాయి కాబట్టి వాటి రంగును కదిలించలేదు. కింది అరకు బిగించి, ఇదిగో, అలాగే నీలం రంగులో ఉంచాము.